ఉదయగిరి గాలిమోటారుకు గంధపు బొట్టు

నలభైయేండ్లు తెలుగు బోధించినవాడికి వార్ధక్యంలో రెండు విధాల పిలుపులు వస్తాయి. మొదటిది, కొత్తగా కట్టిన కల్యాణమండపానికి పేరు పెట్టమని. రెండవది, ఆ మండపం ప్రారంభోత్సవంలో ఎవరూ వినని పద్యం చదవమని. ఈ రెండింటికీ అలవాటుపడిన నాకు మొన్న మూడవ విధమైన పిలుపు వచ్చింది. ఒకప్పటి నా శిష్యుడు మాలకొండయ్య ఫోను చేసి, "అయ్యవారూ, గురువారానికి మన విమానం సర్వీసింగు అయిపోతాది. పదకొండుకి లేపతాము. మీరొచ్చి ఒక పద్యం చదివి ఆశీర్వదించాల" అన్నాడు.

మాలకొండయ్య నా తరగతిలో సంవత్సరం పొడుగునా కూర్చొని, ఒక్క పద్యమైనా అప్పజెప్పకుండా ఉత్తీర్ణుడైన ప్రతిభాశాలి. ఇప్పుడు ఉదయగిరి ప్రాంతంలో రాతి క్వారీలకు అధిపతి. జీవితమంతా బరువులతోనే గడిచినందుకు పరిహారంగా కాబోలు, నాలుగు సీట్ల తేలికపాటి విమానమొకటి కొని, ఉదయగిరికి ఇవతల బీడులో దానికొక షెడ్డూ ఒక పరుగుబాటా కట్టించుకొన్నాడు. కారు పంపుతానన్నాడు. బస్సులోనే వస్తానన్నాను. ఇది నిరాడంబరత కాదు. కిందటిసారి అతడు పంపిన కారు నాకు తెలిసినంతవరకు ఇంకా దారిలోనే ఉన్నది.

గురువారం ఉదయం ఆరుంబావుకు నెల్లూరు బస్టాండులో ఆత్మకూరు ఎక్స్‌ప్రెస్సు ఎక్కాను. వృద్ధుల రాయితీ కోసం ఆధారు కార్డు చూపగా, కండక్టరు కార్డునూ నా ముఖాన్నీ మార్చి మార్చి చూసి, రెండింటిలో ముఖమే బలమైన సాక్ష్యమని తేల్చుకొని టిక్కెట్టు కొట్టాడు. కిటికీ పక్కన చోటు దొరికింది. కిటికీకి అద్దం మాత్రం లేదు. బుచ్చి దాటేవరకు వరిచేలమీది చల్లగాలీ, సంగం దాటిన తరువాత మెట్టభూములమీది వేడిగాలీ టిక్కెట్టు ధరలోనే లభించాయి.

నా పక్కన పురుగుమందుల దుకాణం నడిపే ఆసామి ఒకాయన కూర్చొన్నాడు. అరగంటసేపు నా ఉత్తరీయం అంచును పరీక్షించిన తరువాత పలకరించాడు.

"యాడికి సామీ?"

"ఉదయగిరి వైపు. విమానం సర్వీసింగు చూడడానికి."

"గాలిమోటారుకి గూడా సర్వీసింగు ఉండాదా? మా ట్రాక్టరుకి చేయించి ఆరేళ్ళయింది. నడస్తానే ఉండాది."

"ఎప్పుడైనా నడవకపోతే?"

"నడవకపోతే ఆడ్నే నిలబడతాది. దిగి టీ తాగతాము."

విమానానికీ ట్రాక్టరుకూ గల భేదాన్ని ఇంత సంగ్రహంగా నిర్వచించినవారిని నేనెరుగను. ఆకాశంలో టీ దుకాణాలు లేవు.

ఏడు నలభైయైదుకు ఆత్మకూరు చేరాము. బస్టాండు ఎదుట కారం దోసె తిన్నాను. కన్నీరు తెప్పించడంలో ఆ దోసె ముందు మన కరుణరసం దిగదుడుపే. కాఫీ విషయంలో మౌనం వహిస్తున్నాను. ఎనిమిది ఇరవైకి ఉదయగిరి పల్లెవెలుగు బయలుదేరింది. విమానాల షెడ్డు దగ్గర దిగాలని కండక్టరుతో చెప్పాను.

"ఆడ స్టాపు లేదు పెద్దాయనా. గొర్రెలు అడ్డమొస్తాయి, అప్పుడు ఆపతాము. దిగేసెయ్యండి."

"గొర్రెలు రాకపోతే?"

"రాకుండా ఎట్టుంటాయి?" అన్నాడు, కాలపట్టికను శంకించినవాణ్ణి చూసినట్లు చూసి.

తొమ్మిదిన్నరకు, ఒక్క నిమిషం ఆలస్యం లేకుండా, గొర్రెలు వచ్చాయి. మన రవాణా వ్యవస్థలో ఇంతటి సమయపాలన మరెక్కడా చూడలేదు. దిగాను. ఎదురుగా ఉదయగిరి కొండ, దాని నడుముమీద పాతకోట గోడల ఆనవాళ్ళు. కొండకూ రోడ్డుకూ నడుమ చిల్లచెట్ల బీడు. రోడ్డు పక్కన మోపెడ్‌మీద నారింజరంగు పనిచొక్కా తొడుక్కొన్న ఏభైయేళ్ళ మనిషి నాకోసం వేచి ఉన్నాడు. పేరు పెంచలయ్య.

"ఎక్కండి అయివోరా. కాళ్ళు రెండూ ఒకే పక్కకి పెట్టబాకండి, ఈడ గుంతలు."

"విమానం దగ్గర నీ ఉద్యోగమేమిటి నాయనా?"

"అన్నీ నేనే. ఎగరేసేదొకటి తప్ప."

విమానాన్ని షెడ్డులోనుంచి బయటికి లాగడం, చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టడం, పెట్రోలు పోయించడం, గాలి వీచేటప్పుడు రెక్కలను నేలకు తాళ్ళతో కట్టడం, పరుగుబాటమీద పశువులను తోలడం అతని పనులట. పూర్వం ఆ బీడులోనే గొర్రెలు మేపుకొనేవాడు. ఈ పనిలో చేరేటప్పుడు మందనంతా అమ్మివేశాడు.

"బాగానే ఉండాది అయివోరా, ఇయ్యాల గండం గడిస్తే," అన్నాడు గుంతలు తప్పిస్తూ. "రెండుమాట్లు నావల్ల లేటయింది. ఒకతూరి పెట్రోలులో నీళ్ళు కనపడె. ఇంకోతూరి ఇంజను మూతలో పిచ్చిక గూడు పెట్టె. రెండుమాట్లూ ఆపినాను. మా సారుకి కోపమొచ్చె. ఇయ్యాల పదకొండుకి లేవకపోతే నన్ను తీసేసి చెన్నపట్నం కంపెనీవోళ్ళని పెట్టుకుంటానన్నాడు."

"నీళ్ళు కలిసిన పెట్రోలుతో ఎగరవచ్చునని మాలకొండయ్య అభిప్రాయమా?"

"కొంచెమే గదా అన్నాడు."

మాలకొండయ్య పరీక్ష జవాబులలో కూడా ఇదే సిద్ధాంతం ఉండేదని గుర్తు చేసుకొన్నాను.

తొమ్మిది నలభైయైదుకు షెడ్డు చేరాము. మన పురాణాలలో విమానాలకు తోరణాలుంటాయి, చిరుగంటలుంటాయి, హంసలు కూడా ఉంటాయి. సర్వీసింగు ఉండదు. ఈ విమానానికి తోరణమూ లేదు, హంసా లేదు. తెల్లని ఒళ్ళు, మూడు చక్రాలు, నా నెత్తికి జానెడు ఎత్తున రెక్కలు, ముందు ఒక పంకా. దాని చుట్టూ తిరుగుతూ పని ముగిస్తున్న ఇంజనీరు పేరు షమీమ్. ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కే ఇంట పుట్టి, విమానాల మరమ్మతు చదివి, లైసెన్సు సంపాదించిన అమ్మాయి. ఆమె సంతకం చేయనిదే ఈ విమానం ఎగరడానికి వీలులేదు.

"నమస్కారం సార్. ఏమన్నా చూడండి, ఏమన్నా అడగండి. ముట్టుకోవద్దు," అన్నది.

ఈ నిషేధం సామాన్య జనులకు ఉద్దేశించినదని నేను గ్రహించాను.

యాభై గంటలు ఎగిరిన ప్రతిసారీ ఇంజను నూనె మార్చాలట. పాత నూనె వడపోసిన డబ్బాను ఆమె కోసి, లోపలి కాగితపు మడతలను విప్పి, బల్లమీద పరచి, భూతద్దం పెట్టి చూస్తున్నది. ఇనుప రజను కనబడితే ఇంజను లోపల ఏదో అరుగుతున్నదని అర్థమట. నా గ్రంథాల అచ్చుతప్పులను నా ప్రకాశకులు ఇందులో నూరవవంతు శ్రద్ధతో వెదికి ఉంటే నేనెంతో సుఖపడేవాడిని. చక్రాల గాలి చూశారు, బ్రేకులు చూశారు. గోడమీద ప్రతి పనిముట్టుకూ దాని ఆకారంలో రంగు వేసి ఉన్నది. ఏ రంగుమీద వస్తువు లేదో అది విమానం కడుపులో మిగిలిపోయిందని అర్థమట. శస్త్రచికిత్సాలయాలలో ఇటువంటి గోడ ఉన్నదో లేదో విచారించే ధైర్యం నాకు లేదు.

పెంచలయ్య రెక్కకింది బొడిపెను ఒక గాజుగ్లాసుతో నొక్కి, కొంచెం పెట్రోలు పట్టి, వెలుతురుకు ఎత్తి చూపాడు. లేత నీలిరంగు.

"నీళ్ళుంటే అడుగున ముత్యం మాదిరిగా కూసుంటాది అయివోరా. కనపడకుండా ఉండేదానికి శానా చూస్తాది. మనం ఇంకా శానా చూడాల."

ఆపైన పరీక్ష ప్రారంభమైంది. షమీమ్ కాగితం చూసి ఒక్కొక్క భాగం పేరు చదువుతుంది. పైలటూ పెంచలయ్యా కలిసి చూస్తారు. పెంచలయ్య ఆ పేరు తిరిగి పలికితే ఆమె గుర్తు పెడుతుంది. పైలటు పదవీవిరమణ చేసిన సైనికుడు. పెద్ద మీసాలు, చిన్న మాటలు. పెంచలయ్యకు చదవడం రాదు. అయినా అరవైకి పైబడిన ఆ భాగాల వరుస అతనికి కంఠస్థం. నా శిష్యకోటిలో ఇంతటివాడు ఒక్కడు లేడు. కాని ఒక అపచారం నా దృష్టినుండి తప్పించుకోలేకపోయింది. వీరు ఎడమ తలుపు దగ్గర బయలుదేరి, తోకచుట్టూ తిరిగి, కుడిరెక్క మీదుగా ముక్కు దగ్గరికి వస్తున్నారు.

"ఇది అప్రదక్షిణం కదయ్యా! దేవుడిచుట్టూ ఇట్లు తిరుగుతామా?" అన్నాను.

"దేవుడు కింద పడడు గదా అయివోరా," అన్నాడు పెంచలయ్య తోకను అటూ ఇటూ కదిలించి చూస్తూ.

"పరీక్ష అయినాక ఎవరి చెయ్యన్నా విమానంమీద పడితే మళ్ళీ మొదట్నుంచి చూడాల సార్," అన్నది షమీమ్. "అది నా రూలు కాదు, ఈయన పెట్టిందే. మందలోకి ఎవురన్నా వచ్చిపోతే మళ్ళా లెక్క పెట్టుకుంటామంటాడు."

పది ఇరవైకి పరీక్ష ముగిసింది. ముందుచక్రానికి ఒక ఇనుపకమ్మి తగిలించి, పెంచలయ్య ఒక్కడే విమానాన్ని మేకపిల్లను నడిపించినట్లు బయటికి నడిపించి, చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టాడు. అవి సామాన్యమైన చెక్కలు కావు. షమీమ్ తల్లి చెక్కినవి. చెంచాలు చెక్కిన చెయ్యి ఊరకుండక వాటి అంచున సన్నని పూలతీగ కూడా తీర్చింది. ఇక పూజ అన్నారు. నేను ఉత్తరీయం సర్దుకొని ముందుకు వచ్చాను.

పెంచలయ్య ఒక పళ్ళెంలో పసుపు, కుంకుమ, తడిపిన గంధం పెట్టుకొని వచ్చి, కూర్చొని, ఆ అడ్డుచెక్కలకు బొట్లు పెట్టాడు! వాటికే హారతి ఇచ్చాడు. లేచాడు. పూజ అయిపోయింది.

"విమానానికో?" అన్నాను.

"దానికి పెట్టగూడదు అయివోరా. మొదటేడు గుమ్మడికాయ కొడితే ముక్కలు పరుగుబాటంతా పడె. నిమ్మకాయలు కడితే ఎగిరిపోయె. ఇంజనీరమ్మ వద్దనింది. బొట్టు లేకుండా బండి కదిలేది నాకు మనసొప్పలా. కడాకు చెక్కలకి పెట్టుకోమనింది. అవి ఈడ్నే ఉంటాయి గదా, ఎగరవు."

ఇరుపక్షాలకూ సమ్మతమైన సంధి ఇది. నాకు మాత్రం సమ్మతం కాలేదు. వాహనాన్ని విడిచి, దాని చక్రంకింది చెక్కను పూజించడం పెళ్ళికొడుకును వీధిలో నిలబెట్టి, అతని చెప్పులకు కాళ్ళు కడగడం వంటిది. శాస్త్రం తెలిసినవాడు ఒకడు అక్కడ ఉండగా ఇట్లు జరగరాదని నిశ్చయించుకొన్నాను. శాస్త్రం తెలిసినవాడెవరో చెప్పనక్కరలేదు.

షమీమ్ పుస్తకం తీసుకొని షెడ్డులోకి వెళ్ళింది. పెంచలయ్య పరుగుబాట చివర రెండు ఆవులు కనబడితే అటు పరుగెత్తాడు. పైలటు ఫోనులో వాతావరణం విచారిస్తున్నాడు. పళ్ళెం నా చేతికి అందేంత దూరంలో ఉన్నది. విమానం ఎడమచెంప మీద, పావలాకాసంత వెండిబిళ్ళ ఒకటి అమర్చి ఉండగా చూశాను. దాని నడుమ సూదిబెజ్జమంత చుక్క. మిగిలిన ఒళ్ళంతా నున్నగా ఉండగా ఈ ఒక్కచోట ఈ గుండ్రని బిళ్ళ ఎందుకు? బొట్టుకోసమే! పరదేశపు శిల్పికి సైతం సంప్రదాయజ్ఞానం ఉన్నదని సంతోషించి, పళ్ళెం దగ్గరికి జరుపుకొని, చిటికెడు గంధం తీసి, జారిపోకుండా బొటనవ్రేలితో గట్టిగా అదిమి, దానిపై కుంకుమ అద్దాను. చాలా శోభగా ఉన్నది. నా జీవితంలో నేను చేసిన ముద్రణలన్నింటిలోనూ తప్పులేనిది ఇదేననిపించింది.

పది నలభైకి మాలకొండయ్య కారు వచ్చింది. వెంట రాయి కొనడానికి వచ్చిన ఒక స్థూలకాయుడు. ఆయనకు క్వారీని ఆకాశంనుంచి చూపి, ధర కూడా ఆ ఎత్తులోనే చెప్పడం మాలకొండయ్య సంకల్పం. నాకు పాదాభివందనం చేసి, "పద్యం ఎగిరేటప్పుడు చదవండి అయ్యవారూ," అన్నాడు. ఇంజను మోతలో చదవమనడం నా కవిత్వంపట్ల అతని గౌరవానికి నిదర్శనం. పైలటూ, అతిథీ, మాలకొండయ్యా ఎక్కి కూర్చొన్నారు. నేను దూరంగా నిలబడి కాగితం విప్పాను.

అప్పుడు పెంచలయ్య ఆవులను తోలి తిరిగి వచ్చి, చక్రాలకింది అడ్డుచెక్కలు తీశాడు. పళ్ళెం చూశాడు. పళ్ళెం పెట్టినచోట లేదు. తలుపు దగ్గర మొదలుపెట్టి తోకవైపు నడిచాడు.

"ఏందిరా మళ్ళా?" అని లోపలినుంచి కేకేశాడు మాలకొండయ్య. "ఇందాకేగా చూసినావు!"

"ఒక్క చుట్టు సార్."

"టైము చూసినావా? పది యాభైనాలుగు!"

పెంచలయ్య తోక దాటాడు. కుడిరెక్క దాటాడు. ముక్కు దాటి ఎడమచెంప దగ్గరికి వచ్చి నిలిచిపోయాడు. వంగి చూశాడు. ముట్టుకోలేదు. రెండడుగులు వెనకకు వేసి, పైలటుకు కనబడేటట్లు రెండు చేతులూ నెత్తిమీద అడ్డంగా పట్టాడు. ఆగమని దాని అర్థం. పైలటు ఒక్క మాటైనా అడగక తాళంచెవి తీసి అద్దంముందు పెట్టాడు. తీసిన అడ్డుచెక్కలు తిరిగి చక్రాలకిందికి వెళ్ళాయి.

మాలకొండయ్య దిగిన వేగానికి తలుపు ఊడనందుకు ఆ విమానం తయారుచేసినవారిని మెచ్చుకోవాలి. షమీమ్ షెడ్డులోనుంచి పరుగున వచ్చి, వంగి చూసి, ముఖం పాలిపోగా లేచి నిలబడింది.

"ఇది విమానం గాలి చూసుకునే రంధ్రం సార్," అన్నది మాలకొండయ్యతో. "బయటి గాలి ఒత్తిడి దీంట్లోనుంచే లోపలికి పోవాల. ఇది మూసుకుంటే ఎంత ఎత్తులో ఉన్నామో, ఎంత వేగంగా పోతున్నామో లోపలి మీటర్ల ముళ్ళు అబద్ధం చెప్తాయి. ఎదురుగా కొండ ఉండాది."

అందరమూ కొండవైపు చూశాము. అంతవరకు అందమైన దృశ్యంగా ఉండిన కొండ.

"ఎవుడు పూసినాడ్రా దీనికి గంధం?" అన్నాడు మాలకొండయ్య.

పెంచలయ్య నా బొటనవ్రేలు చూశాడు. దానిమీద గంధమూ కుంకుమా స్పష్టంగా ఉన్నాయి. తరువాత నా ముఖం చూశాడు. "నేను చూళ్ళేదు సార్. నేను ఆవులకాడికి పోయినాను," అన్నాడు.

"పళ్ళెం నీది. బొట్లు పెట్టే పిచ్చి నీది. ఇంకెవురు పూస్తారు? మూడోతూరి ఇది! ఆ చొక్కా ఆడ పెట్టేసి పోరా. రేపట్నించి చెన్నపట్నం వోళ్ళు వస్తారు."

పెంచలయ్య నారింజరంగు చొక్కా గుండీలు విప్పుతున్నాడు. నాకు వేలకొలది పద్యాలు నోటికి వచ్చును. కాని ఆ క్షణంలో కావలసిన రెండు మాటలు రాలేదు. చివరకు గొంతు సవరించుకొని, "మాలకొండయ్యా, శాస్త్రోక్తమైన వాహనోపచారంలో సంభవించిన ఈ ప్రమాదానికి కేవలం భృత్యవర్గాన్ని కారణంగా భావించడం న్యాయసమ్మతం కాకపోవచ్చు," అన్నాను.

మాలకొండయ్య చేతులు జోడించాడు. "ఉండండ్రా, అయ్యవారు ఆశీర్వదిస్తా ఉన్నారు," అన్నాడు.

నలభైయేండ్ల బోధనకు ఇది ఫలశ్రుతి. పెంచలయ్య చొక్కా తీసి మడతపెట్టి చెక్కలమీద ఉంచాడు. ఇక వేరే దారి లేకపోయింది.

"నేనే పూశానయ్యా," అన్నాను. "ముట్టుకోవద్దని ఆ అమ్మాయి చెప్పింది. వినలేదు. ఇదిగో వేలు."

మాలకొండయ్య పరిస్థితి నాకంటె దయనీయంగా ఉన్నది. గురువును తిట్టరాదు, తిట్టకుండా ఉండలేడు. ఆ కోపం దిక్కుతోచక తిరిగి తిరిగి మళ్ళీ పెంచలయ్య మీదికే వచ్చింది.

"ఎవరు పూసినా పదకొండుకి లేవలేదు. నా మాట మాటే. సాయంత్రం చెప్తా నీ సంగతి," అని కారెక్కాడు. స్థూలకాయుడు అంతకుముందే కారెక్కి ఉన్నాడు. ఉదయగిరిలో చెక్క చెంచాలు బాగుంటాయని విన్నాననీ, వాటిని నేలమీదనుంచి చూసినా చాలుననీ అన్నాడు.

నేను వెళ్ళిపోవచ్చునని ఎవరూ అనలేదు. షమీమ్ ఒక టార్చిలైటు నా చేతికి ఇచ్చి, "పట్టుకోండి సార్. ఇది ముట్టుకోవచ్చు," అన్నది. గంధాన్ని సూదితో పొడిస్తే లోపలికి పోతుందట. అందుచేత పైపైన మెత్తగా తుడిచి, లోపలి గొట్టాన్ని మీటర్లనుండి విడదీసి, లోపలినుంచి బయటికి గాలి ఊది, మళ్ళీ బిగించి, ఎక్కడా గాలి కారడం లేదని పరీక్షించాలి. నేను ఒక క్షణంలో చేసిన పుణ్యాన్ని నివారించడానికి ఇద్దరు మనుషులకు నాలుగు గంటలు పట్టింది. మీటర్ల వెనుక వెలుగు చాలనిచోట నేను టార్చి పట్టాను. నా చూపు పక్కకు పోయినప్పుడల్లా, "సార్, వెలుతురు," అన్నది షమీమ్. విద్యార్థి దశ తరువాత నన్ను ఎవరూ ఇట్లు మందలించలేదు.

ఒకటిన్నరకు భోజనవిరామం. పెంచలయ్య తన క్యారియరు విప్పి, జొన్నరొట్టె, చెనక్కాయల చట్నీ నాకు పెట్టాడు.

"నా వేలు చూశావు గదా. ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"మీరు చెప్తారేమోనని చూసినా అయివోరా."

"చెప్పకపోయి ఉంటే?"

"పోయేవోణ్ణి. ఏం చేస్తాను." రొట్టె తుంచాడు. "ఆ బొక్క మటుకు తెరుచుకునేది గదా. ముగ్గురు మనుషులు కూసోనుండారు లోపల."

ఆ చట్నీలో కారం ఎక్కువ. అందుకే చెంబెడు నీళ్ళు తాగానని పాఠకులు భావించవలెను.

మూడున్నరకు షమీమ్ ఒక పుస్తకం తెచ్చి, విమానానికి జరిగిన ప్రతి సంగతీ అందులో రాసి ఉంచాలనీ, నేను చేసినది నా చేతితోనే ఒక కాగితంమీద రాసిస్తే ఆ పుస్తకంలో జతచేస్తాననీ అన్నది. రాసి ఇచ్చాను. ఆమె రెండుసార్లు చదివింది.

"చాలా బాగుండాది సార్. కానీ గంధం ఎవరు పూసినారో ఎక్కడా లేదు."

నిజమే. ఎనిమిది పంక్తులలో గంధం తనంతట తానే వచ్చి అతుక్కొన్నది. చింపి, మళ్ళీ ఒకే వాక్యం రాసి, కింద సంతకం చేశాను. అదే కాగితంకింద ఆమె, 'దీనిని కనిపెట్టి విమానాన్ని ఆపినవారు పెంచలయ్య' అని రాసి, నన్ను సాక్షిగా మరొక సంతకం పెట్టమన్నది. ఆ సంతకం మొదటిదానికంటె కుదురుగా వచ్చింది.

నాలుగుంబావుకు పెంచలయ్య నన్ను మోపెడ్‌మీద రోడ్డుదాకా దిగబెట్టాడు. చొక్కా లేదు, అది ఇంకా చెక్కలమీదే ఉన్నది. మాలకొండయ్యనుంచి కబురేమీ రాలేదు. "తెలిస్తే ఫోను చెయ్యి నాయనా," అని నంబరు ఇచ్చాను. గొర్రెలు వచ్చాయి, బస్సు ఆగింది, ఎక్కాను.

ఐదున్నరకు ఆత్మకూరులో దిగాను. నెల్లూరు ఎక్స్‌ప్రెస్సు కదలడానికి సిద్ధంగా ఉన్నది. ఎక్కలేదు. ఆరు గంటల బస్సు కూడా వెళ్ళింది. "ఏంది సామీ, అద్దం లేని కిటికీ కోసం చూస్తా ఉండావా?" అన్నాడు పక్కన బత్తాయిలు అమ్మే ఆయన. ఫోను కోసమన్నాను. మధ్యలో మాలకొండయ్యకు నేనే రెండుసార్లు ఫోను చేశాను. మొదటిసారి ఎత్తలేదు. రెండవసారి ఎత్తి, నేనేమీ అనకముందే, "అయ్యవారూ, మీరు ఇంకేమీ ఆశీర్వదించబాకండి," అని పెట్టేశాడు.

ఈ ప్రాంతానికి రాదలచినవారికి నేను చెప్పగలిగినది, ఆ బెంచీమీద కూర్చొని ఆలోచించినది, స్వల్పం. కారం దోసె తినవచ్చు. కాఫీ వద్దు. ఉదయగిరి చెంచాలు కొనవచ్చు. కొండ దూరంనుంచి చూడడానికి చాలా బాగున్నది, దగ్గరినుంచి ఎంత ఎత్తున్నదో సరిగా తెలిసినవారికే చూడదగినది. అక్కడ చదువురాని ఒక మనిషి, తన కూడు పోతుందని తెలిసీ, పది యాభైనాలుగుకు ఒక చుట్టు తిరిగాడు. చదువుకొన్న మనిషి నోరు విప్పడానికి అతడు గుండీలన్నీ విప్పుకోవలసివచ్చింది. ఈ యాత్రలో నేను చూచిన విశేషాలు ఈ రెండే.

ఆరు ఇరవైకి ఫోను మోగింది.

"అయివోరా, నేను పెంచలయ్యని. రేపు ఏడింటికి లేపతారంట. నన్నే రమ్మనినాడు."

"మనసు ఎట్లు మారింది?"

"యాడ మారింది! నేను లేకపోతే సంతకం పెట్టనని ఇంజనీరమ్మ కూసునింది. సంతకం లేకపోతే అది షెడ్డులో కోళ్ళగంపే గదా. శానాసేపు తిట్టి సరేలే అనినాడు. చొక్కా తొడుక్కున్యా. ఇంకొకటి గూడా చెప్పినాడు అయివోరా. మీరు మళ్ళా ఎప్పుడొచ్చినా విమానానికి ఇరవై అడుగుల ఇవతలే ఆపెయ్యాలంట."

"ఎవరు ఆపాలట?"

"నేనే."

ఇంతకంటె సమర్థుణ్ణి ఆ పనికి నియమించడం సాధ్యం కాదు. అప్పుడే కదులుతున్న నెల్లూరు బస్సును చెయ్యెత్తి ఆపి, ఎక్కాను.